అరచేతి చిట్టా – ఇంటి ఆవర్జా

మనిషి జ్ఞాపకశక్తికి హద్దులున్నాయి. చూసినదీ, విన్నదీ, ఇచ్చినదీ, పుచ్చుకొన్నదీ అంతా మనస్సులోనే నిలుపుకోవడం ఎంతటి మేధావికైనా సాధ్యం కాదు. ఈ కొరతను తీర్చుకోవడానికే మానవుడు రాతను ఆశ్రయించాడు. కడప జిల్లా ఎర్రగుంట్ల మండలంలోని కలమళ్ళలో రేనాటి చోళుడు ఎరికల్ ముత్తురాజు ధనంజయుని శాసనం లభించింది. క్రీ.శ. 6వ శతాబ్దికి చెందిన ఈ శాసనాన్ని తొలి తెలుగు శాసనంగా చరిత్రకారులు పరిగణిస్తున్నారు. దానికి చేరువలోనే ఉన్న వీరపునాయునిపల్లెలో నేడు రైతుల చేతుల్లోనూ, విద్యార్థుల చేతుల్లోనూ సెల్‌ఫోన్లు కనిపిస్తాయి. రాతి పలక నుండి అరచేతి పలక దాకా సాగిన ఈ సుదీర్ఘ ప్రయాణంలో మనిషి కోరుకొన్నది ఒక్కటే. అవసరమైన సంగతి అవసరమైన వేళ కంటికి కనబడాలి.

రాతిమీది రాత చిరకాలం నిలుస్తుంది. కాని దానిని వెంట తీసుకుపోలేము. తాటాకు తేలిక, కాని అది పురుగుకు, చెదకు, నిప్పుకు లోబడుతుంది. కాగితం ఇంకా తేలిక, ఇంకా సులభం. పత్తి, బంగారం, వస్త్ర వ్యాపారాలకు పేరుపొందిన ప్రొద్దుటూరు వంటి పట్టణాలలో వ్యాపారులు రెండు రకాల పుస్తకాలతో తమ లెక్కలను నడిపేవారు. ఏ రోజు బేరాన్ని ఆ రోజు, జరిగిన వరుసలో రాసుకొనేది చిట్టా. దానిలోని పద్దులను ఆసామీల వారీగా విడదీసి ఎక్కించేది ఆవర్జా. చిట్టా వేగానికి, ఆవర్జా నిలకడకు ప్రతీకలు. ఒకటి లేకుండా మరొకటి నిరుపయోగం. ఈ రెండు పుస్తకాల పొత్తును గ్రహించినవారికి, కంప్యూటరుకు తోడుగా చేతిలో ఇమిడే యంత్రం ఎట్లా పనిచేస్తుందో, దానిని ఎట్లా ఎంచుకోవాలో గ్రహించడం కష్టం కాదు.

పామ్‌టాప్ పుట్టుక

చిరునామాలు, ఫోను నంబర్లు, చేయవలసిన పనులు, తేదీల వారీ కార్యక్రమాలు, చిన్న చిన్న వివరణలు – వీటిని భద్రపరచే చేతి యంత్రాన్ని మన వారు డిజిటల్ డైరీ అనీ, ఆర్గనైజర్ అనీ, పామ్‌టాప్ అనీ వ్యవహరించారు. బ్రిటన్‌కు చెందిన సైయాన్ సంస్థ 1984లోనే ఇటువంటి యంత్రాన్ని విపణిలో ప్రవేశపెట్టింది. అమెరికాకు చెందిన యాపిల్ సంస్థ 1993లో న్యూటన్ అనే యంత్రాన్ని విడుదల చేసింది. తెరమీద రాసిన చేతిరాతను తానే చదివి అక్షరాలుగా మార్చుతుందని ఆ సంస్థ ఘనంగా చాటింది. కాని అది జేబులో ఇమడనంత పెద్దది. చేతిరాతను పొరపాటుగా చదివి నవ్వులపాలైంది. 1998లో దాని ఉత్పత్తి నిలిచిపోయింది.

న్యూటన్ పరాజయం నుండి జెఫ్ హాకిన్స్ అనే ఇంజనీరు విలువైన పాఠం నేర్చుకొన్నాడు. యంత్రం తయారు చేయడానికి ముందు ఆయన తన చొక్కా జేబులో పట్టే పరిమాణంలో ఒక చెక్కముక్కను కోసుకొని, దానిని కొంతకాలం వెంట పెట్టుకొని తిరిగాడు. ఎవరైనా ఫోను నంబరు చెప్పినప్పుడు ఆ చెక్కను బయటకు తీసి, ఒక పుల్లతో దానిమీద రాస్తున్నట్లు అభినయించేవాడు. నిజంగా దీనిని రోజుకు ఎన్నిసార్లు తీస్తాను? ఎందుకోసం తీస్తాను? ఎంతసేపు చూస్తాను? ఈ ప్రశ్నలకు సమాధానాలు దొరికిన తరువాతే యంత్ర నిర్మాణం మొదలైంది. ఆ విధంగా 1996లో పైలట్ 1000, పైలట్ 5000 అనే రెండు పామ్‌టాప్‌లు వెలువడ్డాయి. మొదటిదాని జ్ఞాపకశక్తి 128 కిలోబైట్లు, రెండవదానిది 512 కిలోబైట్లు. నేటి సెల్‌ఫోనుతో తీసిన ఒక్క ఛాయాచిత్రం కూడా అందులో పట్టదు. అయినా వందలకొలది చిరునామాలకు, ఏడాది పొడుగునా ఉండే కార్యక్రమాలకు అది సరిపోయింది. అక్షరాలే రాసుకొనేవానికి చోటు ఎక్కువ అక్కరలేదు కదా!

పైలట్ విజయానికి మరొక కారణం కూడా ఉంది. అది కంప్యూటరుకు బదులుగా పుట్టిన యంత్రం కాదు. కంప్యూటరుకు తోడుగా పుట్టిన యంత్రం. దానితోపాటు ఒక చిన్న పీఠం లభించేది. ఆ పీఠాన్ని తీగతో కంప్యూటరుకు కలిపి, యంత్రాన్ని అందులో నిలిపి, ఒక మీట నొక్కితే చాలు. యంత్రంలో కొత్తగా రాసినవి కంప్యూటరుకు, కంప్యూటరులో కొత్తగా చేర్చినవి యంత్రానికి చేరేవి. దీనినే సింక్ చేయడం అంటారు. పామ్‌టాప్ చిట్టా అయితే, ఇంటిలోని కంప్యూటరు ఆవర్జా అన్నమాట.

మన రాష్ట్రంలో ఈ పద్ధతి సామాన్యులకు తెలియనిదేమీ కాదు. ఆర్.టి.సి. బస్సులో కండక్టరు చేతిలోని టిక్కెట్ల యంత్రాన్ని, ఇంటి ముందు నిలబడి కరెంటు బిల్లు తీసి ఇచ్చే ఉద్యోగి చేతిలోని యంత్రాన్ని మనం చూశాం. బయలుదేరే ముందు డిపోలోనో కార్యాలయంలోనో కంప్యూటరు నుండి వివరాలు వాటిలోనికి ఎక్కేవి. పని ముగిశాక ఆనాటి లెక్క అంతా తిరిగి కంప్యూటరులోనికి దిగేది. పామ్‌టాప్ చేసిన పని కూడా ఇదే.

రెండు పుస్తకాల పొత్తు

ఒకే లెక్క రెండు చోట్ల ఉన్నప్పుడు ఒక చిక్కు తప్పదు. రెండింటిలో ఏది నిజం? దీనికి ఒక ఉదాహరణను ఊహించుకొందాం. వీరపునాయునిపల్లెలో ఒక కుటుంబం విత్తనాలు, ఎరువుల దుకాణం నడుపుతున్నదనుకొందాం. ఒక రైతు వారికి 12,000 రూపాయలు బాకీ ఉన్నాడు. తండ్రి పామ్‌టాప్ జేబులో వేసుకొని సరుకు కోసం ప్రొద్దుటూరు వెళ్ళాడు. ఆ రైతు అక్కడ ఎదురుపడి 3,000 రూపాయలు చెల్లించాడు. తండ్రి పామ్‌టాప్‌లో 12,000 అన్న అంకెను చెరిపి 9,000 అని దిద్దాడు. అదే మధ్యాహ్నం రైతు కుమారుడు దుకాణానికి వచ్చి 2,000 రూపాయల విత్తనాలను అప్పుగా తీసుకుపోయాడు. దుకాణంలో ఉన్న కుమార్తె కంప్యూటరులో 12,000 అంకెను చెరిపి 14,000 అని దిద్దింది. రాత్రి యంత్రాన్ని పీఠంలో ఉంచి మీట నొక్కితే ఏమి జరుగుతుంది?

అసలు బాకీ 11,000 రూపాయలు. కాని ఆ అంకె పామ్‌టాప్‌లోనూ లేదు, కంప్యూటరులోనూ లేదు. చివరగా దిద్దినదే నిలవాలన్న నియమం ఉంటే ఒకదానిని మరొకటి మింగివేస్తుంది. 9,000 నిలిస్తే దుకాణదారుకు 2,000 నష్టం. 14,000 నిలిస్తే రైతు చెల్లించిన 3,000 రూపాయలు గాలికి పోయినట్లే. బుద్ధిమంతులైన పామ్ నిర్మాతలు ఈ ప్రమాదాన్ని ముందే ఊహించారు. ప్రతి పద్దుకు ఒక సంఖ్యను కేటాయించి, దానిని ఎవరైనా దిద్దినప్పుడు గుర్తు పడేటట్లు ఏర్పాటు చేశారు. రెండు వైపులా గుర్తు పడితే యంత్రం దేనినీ చెరపదు. రెండు పద్దులనూ నిలిపి, నిర్ణయాన్ని మనిషికి విడిచిపెడుతుంది. ఒక వైపు చెరిపి, మరొక వైపు దిద్ది ఉంటే దిద్దినదానినే కాపాడుతుంది. తెలియనప్పుడు పారవేయకుండా దాచిపెట్టడం ఉత్తమమన్నదే ఇందులోని నీతి.

అయితే ఈ చిక్కుకు అసలైన పరిష్కారం యంత్రంలో లేదు. రాసే పద్ధతిలో ఉంది. మన వ్యాపారులు చిట్టాలో పాత అంకెను చెరిపి కొత్త అంకెను వేసేవారు కారు. "ఫలానా రైతు వలన జమ 3,000" అని ఒక పద్దు, "ఫలానా రైతుకు ఖర్చు 2,000" అని మరొక పద్దు రాసేవారు. ఇట్లా రాసినట్లయితే తండ్రి పద్దు, కుమార్తె పద్దు వేర్వేరు పద్దులవుతాయి. రెండూ ఘర్షణ లేకుండా ఆవర్జాకు చేరుతాయి. కూడికలు, తీసివేతలు చేస్తే 11,000 తానే తేలుతుంది. నేటి పెద్ద పెద్ద బ్యాంకుల కంప్యూటర్లు కూడా ఈ పద్ధతినే పాటిస్తున్నాయి. నిల్వను దిద్దడం కాదు, జరిగిన ప్రతి వ్యవహారాన్ని చేర్చుతూ పోవడమే సరైన లెక్క.

ఎంపికలో గమనించవలసిన విషయాలు

మొదటిది అవసరం. హాకిన్స్ చెక్కముక్క మనకు చెప్పేది ఇదే. వస్తువును చూసి అవసరాన్ని వెదుక్కోరాదు. అవసరాన్ని చూసి వస్తువును వెదకాలి. వారం రోజులపాటు చిన్న కాగితపు పుస్తకాన్ని జేబులో ఉంచుకొని, ఏమేమి రాసుకొన్నామో గమనిస్తే మనకు కావలసినది ఎంతో తెలుస్తుంది. పాఠాల వేళలు, పరీక్షల తేదీలు, బాకీలు, ఫోను నంబర్లు మాత్రమే రాసుకొనేవారికి ఖరీదైన యంత్రంలోని సగం సౌకర్యాలు అలంకారప్రాయాలే అవుతాయి.

రెండవది జ్ఞాపకశక్తి స్వభావం. ఎంత పడుతుందన్నదానికన్న, ఎంతకాలం నిలుస్తుందన్నది ముఖ్యం. తొలినాటి పామ్‌టాప్‌లలో రాసిన సంగతులు విద్యుత్తు ఉన్నంతవరకే నిలిచేవి. పైలట్ యంత్రం రెండు చిన్న బ్యాటరీలతో వారాల తరబడి పనిచేసేది. కాని బ్యాటరీలు పూర్తిగా అయిపోయిన తరువాత అశ్రద్ధ చేస్తే లోపలిదంతా తుడిచిపెట్టుకుపోయేది. బ్యాటరీలు మార్చడానికి కూడా సుమారు ఒక నిమిషం వ్యవధి మాత్రమే ఉండేది. విద్యుత్తు లేకపోయినా చెరగని జ్ఞాపకశక్తి గల పామ్‌టాప్‌లు 2004, 2005 సంవత్సరాల నుండే విరివిగా వచ్చాయి. కలమళ్ళ రాయి పద్నాలుగు శతాబ్దాలు నిలుపుకొన్న అక్షరాన్ని ఈ యంత్రం బ్యాటరీ లేని ఒక్క పూటలో పోగొట్టుకొనేది. అందువల్లనే కంప్యూటరుతో పొత్తు దానికి సౌకర్యం మాత్రమే కాదు, ప్రాణరక్షణ కూడా అయింది.

మూడవది విద్యుత్తు. 1999లో వెలువడిన పామ్ ఐదవ నమూనా వంటివి మళ్ళీ మళ్ళీ ఛార్జి చేసుకొనే బ్యాటరీతో వచ్చాయి. పట్టణవాసికి అది సుఖమే. కాని కరెంటు ఎప్పుడు వచ్చునో, ఎప్పుడు పోవునో తెలియని పల్లెలో, సంతలో దొరికే మామూలు బ్యాటరీలతో నడిచే యంత్రమే నమ్మదగినది. ఒకే గుణం ఒక చోట మేలు, మరొక చోట కీడు కావచ్చునని దీని వల్ల గ్రహించాలి.

నాల్గవది తెర. దుకాణంలోని చల్లని నీడలో రంగుల తెర కళ్ళను ఆకట్టుకొంటుంది. కాని కడప జిల్లాలో వైశాఖ మాసపు ఎండలో, పొలం గట్టుమీద నిలబడి చూస్తే పరిస్థితి తారుమారవుతుంది. లోపలి దీపంతో వెలిగే తెర మిట్టమధ్యాహ్నపు వెలుగులో వెలవెలబోతుంది. పడిన వెలుగునే తిరిగి పంపే నలుపు తెలుపుల తెర, ఎండ పెరిగేకొద్దీ స్పష్టంగా కనిపిస్తుంది. కాబట్టి యంత్రాన్ని ఎక్కడ వాడబోతున్నామో అక్కడే పరీక్షించి చూడాలి. దుమ్ము, చెమట, వాన చినుకులు, చేయి జారడం – వీటికి తట్టుకొనే దృఢత్వాన్ని కూడా గమనించాలి.

ఐదవది భాష. పైలట్ యంత్రంలో రాయడానికి గ్రాఫిటీ అనే ప్రత్యేక లిపిని నేర్చుకోవలసి వచ్చేది. ఇంగ్లీషు అక్షరాలను దాదాపు ఒక్కొక్క గీతతో ముగించే లిపి అది. అందులో తెలుగుకు చోటు లేదు. యాభైకి పైగా అక్షరాలు, గుణింతాలు, ఒత్తులు గల మన లిపిని ఒంటి గీతలలో ఇమడ్చడం సులభం కాదు. చూపించడంలోనూ చిక్కు ఉంది. పైలట్ తెరమీద నిలువున 160, అడ్డంగా 160 చుక్కలు మాత్రమే ఉండేవి. ఇంగ్లీషు అక్షరానికి సుమారు పది చుక్కల ఎత్తు చాలు. పైన తలకట్టు, గుడి, కొమ్ము, కింద ఒత్తు చేరే తెలుగు అక్షరానికి అంతకు దాదాపు రెట్టింపు ఎత్తు కావాలి. యూనికోడ్ సంకేత పద్ధతిలో 1991లోనే తెలుగుకు స్థానం లభించింది. 2001లో వచ్చిన విండోస్ ఎక్స్.పి.లో గౌతమి అనే తెలుగు అక్షరరూపం చేరింది. అంటే ఇంటిలోని కంప్యూటరుకు తెలుగు వచ్చిన తరువాత కూడా అరచేతిలోని యంత్రానికి తెలుగు రాలేదు. చిట్టా ఒక భాషలో, ఆవర్జా మరొక భాషలో ఉంటే ఆ పొత్తు ఎట్లా కుదురుతుంది? ఇంగ్లీషు రాని ఇల్లాలు ఆ లెక్కను ఎట్లా సరిచూసుకొంటుంది? తెలుగులో రాసి, సింక్ చేసి, కంప్యూటరులో అవే అక్షరాలు సరిగా కనిపిస్తున్నాయో లేదో చూసిన తరువాతే యంత్రాన్ని కొనడం మంచిది.

ఆరవది బయటపడే దారి. ఇది చాలామంది మరచిపోయే విషయం. ఒక యంత్రంలోనికి సంగతులను ఎక్కించడం ఎంత సులభమో అందరూ అడుగుతారు. దించుకోవడం ఎంత సులభమో కొందరే అడుగుతారు. తన సొంత పద్ధతిలోనే దాచి, ఇతర యంత్రాలకు చదవరాకుండా చేసే పరికరం మనలను బందీలుగా చేస్తుంది. సాదా అక్షరాలుగానో, అందరూ అంగీకరించిన ప్రమాణాలలోనో దించుకోగల వీలు ఉండాలి. చిరునామాల కోసం 1990లలో ఏర్పడిన వీకార్డ్, తేదీల కోసం 1998లో రూపొందిన ఐక్యాలెండర్ అటువంటి ప్రమాణాలు. నేటి ఫోన్లు కూడా వాటిని చదువుతున్నాయి.

ఏడవది గోప్యత. జేబులోని వస్తువు పోవడానికి, దొంగిలింపబడడానికి అవకాశం ఎక్కువ. పోయినది ఒక్కరి యంత్రమే అయినా, అందులో పదుగురి ఫోను నంబర్లు, బాకీలు, ఇంటి సంగతులు ఉంటాయి. రహస్య సంకేతంతో తాళం వేయగలిగిన యంత్రాన్ని ఎంచుకోవడం మన కోసమే కాదు, మనలను నమ్మి వివరాలు చెప్పినవారి కోసం కూడా.

మన దేశంలో జరిగిన ప్రయత్నం

విదేశీ పామ్‌టాప్‌ల లోపాలను గుర్తించిన మన శాస్త్రజ్ఞులు చేతులు ముడుచుకొని కూర్చోలేదు. బెంగుళూరులోని భారతీయ విజ్ఞాన సంస్థకు చెందిన ఆచార్యులు, ఎంకోర్ అనే సాఫ్ట్‌వేర్ సంస్థవారు కలిసి సింప్యూటర్ అనే చేతి కంప్యూటరుకు రూపకల్పన చేశారు. 2001లో దానిని ప్రజలకు చూపారు. సరళమైనది, చౌకైనది, బహుభాషలు తెలిసినది అన్న అర్థం వచ్చేటట్లు ఆ పేరు పెట్టారు. మూడు చిన్న బ్యాటరీలతో అది నడిచేది. చదువురానివారికి తెరమీది వాక్యాన్ని భారతీయ భాషలలో పలికి వినిపించే ఏర్పాటు ఉండేది. ఊరంతటికీ ఒక్క యంత్రం ఉన్నా చాలునని, ఒక్కొక్కరు తమ తమ స్మార్ట్‌కార్డును అందులో పెట్టి తమ వివరాలను చూసుకోవచ్చునని వారు ఆలోచించారు. యంత్ర నిర్మాణ రహస్యాలను కూడా దాచుకోకుండా అందరికీ అందుబాటులో ఉంచారు.

2004 మార్చిలో అమిడా సింప్యూటర్ పేరుతో ఇది అమ్మకానికి వచ్చింది. ధర సుమారు పదివేల రూపాయల నుండి మొదలైంది. ఆశయం ఉన్నతమైనదే అయినా ఆశించిన ఆదరణ లభించలేదు. ఆ ధర పల్లెటూరి కుటుంబానికి భారం. అప్పటికే సెల్‌ఫోను ధరలు దిగివస్తున్నాయి. మాట్లాడే వీలున్న వస్తువును కాదని, మాట్లాడలేని వస్తువును కొనడానికి జనం ముందుకు రాలేదు. అయినప్పటికీ సింప్యూటర్ లేవనెత్తిన ప్రశ్న వ్యర్థం కాలేదు. యంత్రం మన భాషను నేర్చుకోవాలా, మనం యంత్రం భాషను నేర్చుకోవాలా? నేడు తెలుగులో పలికే, తెలుగులో రాయనిచ్చే ఫోన్లు ఆ ప్రశ్నకు ఆలస్యంగా వచ్చిన సమాధానాలు.

కడప జిల్లాలో చేతి యంత్రం

చేతి యంత్రం ఎంపిక కేవలం వ్యక్తిగత విషయంగానే మిగలలేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ ప్రభుత్వం ఉపాధి హామీ పథకం కూలి డబ్బులను, సాంఘిక భద్రతా పింఛన్లను స్మార్ట్‌కార్డు ద్వారా ఊరిలోనే అందజేసే ఏర్పాటు చేసింది. గ్రామంలో నియమితమైన సేవకురాలి వద్ద ఒక చేతి యంత్రం ఉండేది. కూలీ తన కార్డును చూపి, వేలిముద్ర వేస్తే, అది కార్డులోని ముద్రతో సరిపోయిన తరువాత డబ్బు చేతికి వచ్చేది. యంత్రం రసీదు ఇచ్చేది. కొన్ని చోట్ల ఇచ్చిన మొత్తాన్ని తెలుగులో పలికి వినిపించేది కూడా. ఆ తరువాత లెక్క బ్యాంకు కంప్యూటరుకు చేరేది.

కార్తీక్ మురళీధరన్, పాల్ నీహౌస్, సందీప్ సుఖ్‌తంకర్ అనే ఆర్థికవేత్తలు 2010 నుండి 2012 వరకు కడప జిల్లాతో సహా ఎనిమిది జిల్లాలలో, 157 మండలాలలో ఈ పథకం ఫలితాలను పరిశీలించారు. 2016లో ప్రచురితమైన వారి పరిశోధన ప్రకారం, స్మార్ట్‌కార్డు వచ్చిన మండలాలలో కూలి డబ్బు త్వరగా అందింది. డబ్బు తీసుకోవడానికి వేచి ఉండే సమయం తగ్గింది. మధ్యలో మాయమయ్యే సొమ్ము కూడా తగ్గింది. 90 శాతానికి పైగా లబ్ధిదారులు పాత పద్ధతికన్న ఇదే మేలని చెప్పారు. అయితే రెండేళ్ళ తరువాత కూడా ఆ మండలాలలో దాదాపు సగం చెల్లింపులు మాత్రమే కొత్త పద్ధతికి మారాయన్నది గమనించవలసిన విషయం. యంత్రం కొనగానే వ్యవస్థ మారదు. దానిని నడిపే మనుషులు, ఏర్పాట్లు కూడా సమకూరాలి.

ఇక్కడ మరొక ధర్మసూక్ష్మం ఉంది. మన కోసం మనం ఎంచుకొన్న యంత్రం సరిగా పనిచేయకపోతే మన పని మాత్రమే చెడుతుంది. ఇతరుల కోసం ఎంచుకొన్న యంత్రం సరిగా పనిచేయకపోతే ఒక కూలీ ఇంట పొయ్యి వెలగకపోవచ్చు. పార పట్టి, రాళ్ళు మోసి, కలుపు తీసి అరిగిపోయిన వేళ్ళ ముద్రలను యంత్రం గుర్తించలేకపోవచ్చు. కష్టం చేసినందుకే గుర్తింపు కోల్పోవడం కన్న అన్యాయం వేరొకటి ఉండదు. అందువల్ల వేలిముద్ర పడనప్పుడు ఏమి చేయాలో కూడా ముందే ఆలోచించిన పద్ధతియే మంచి పద్ధతి. రసీదు చదవలేని వృద్ధురాలికి ఆమె భాషలో వినిపించిన అంకె, ఆమె చేతికి అందిన ఆయుధంతో సమానం. "ఇంత ఇవ్వవలసి ఉంది, ఇంతే ఎందుకు ఇచ్చావు?" అని అడిగే ధైర్యాన్ని ఆ ఒక్క మాట ఆమెకు ఇస్తుంది.

పామ్‌టాప్ నేర్పిన పాఠం

2007లో యాపిల్ ఐఫోన్, 2008లో ఆండ్రాయిడ్ ఫోన్లు విపణిలోనికి రావడంతో ప్రత్యేకమైన పామ్‌టాప్ అవసరం క్రమంగా తగ్గిపోయింది. ఫోను, కెమెరా, చిట్టా అన్నీ ఒక్క యంత్రంలోనే ఇమిడాయి. పామ్ సంస్థను 2010లో హ్యూలెట్ ప్యాకార్డ్ సంస్థ కొనుగోలు చేసింది. మరుసటి ఏడాది, అంటే 2011లోనే ఆ యంత్రాల తయారీని నిలిపివేసింది. ఒకనాడు లక్షలమంది జేబులలో వెలిగిన యంత్రం పదిహేనేళ్ళలో అంతరించింది. తమ సంగతులను ప్రమాణ రూపంలో కంప్యూటరులోనికి దించుకొన్నవారు వాటిని కొత్త యంత్రాలకు తెచ్చుకోగలిగారు. యంత్రాన్నే నమ్ముకొని కూర్చొన్నవారి రాతలు యంత్రంతోపాటే మూగబోయాయి.

పీఠం, తీగ పోయినంత మాత్రాన సింక్ పోలేదు. నేటి ఫోను తీగ లేకుండానే, మనకు తెలియకుండానే, దూరాన ఉన్న కంప్యూటర్లతో పొత్తు కుదుర్చుకొంటున్నది. అయితే పూర్వం ఆవర్జా మన ఇంటిలో ఉండేది. ఇప్పుడు అది మనం చూడని ఏ దేశంలోనో, మనకు పరిచయం లేని సంస్థ చేతిలో ఉంటున్నది. సౌకర్యం పెరిగిన కొలదీ మెలకువ కూడా పెరగాలి. ఏడాదికి ఒకటి రెండుసార్లయినా ఫోను నంబర్లను, ఛాయాచిత్రాలను, లెక్కలను సొంత కంప్యూటరులోనికో, వేరొక పరికరంలోనికో దించుకోవడం ప్రతి విద్యార్థి అలవరచుకోవలసిన నియమం. ఇడుపులపాయలోని ట్రిపుల్ ఐటీ వంటి విద్యాసంస్థలలో కంప్యూటరు ముందు కూర్చొని చదువుకొనే మన ప్రాంతపు విద్యార్థులకు ఈ నియమం మరీ ముఖ్యం. నాలుగేళ్ళ కృషి ఒక్క పరికరంలో ఉండి, ఆ పరికరం బస్సులో మరచిపోతే కలిగే నష్టం డబ్బుతో తీరేది కాదు.

ప్రతులు తీయడం వల్ల కలిగే మేలు కడప వాసులకు కొత్తగా చెప్పవలసినది కాదు. 1820లో ఉద్యోగరీత్యా కడపకు వచ్చిన చార్లెస్ ఫిలిప్ బ్రౌన్ అక్కడ ఒక బంగళాను కొని, పండితులను నియమించి, శిథిలమవుతున్న తాళపత్ర గ్రంథాలకు ప్రతులు రాయించాడు. వేర్వేరు ఊళ్ళలో దొరికిన ప్రతులను పోల్చి, పాఠభేదాలను గుర్తించి, సరియైన పాఠాన్ని నిర్ణయింపజేశాడు. రెండు ప్రతులు ఏకీభవించనప్పుడు తొందరపడి ఒకదానిని పారవేయకుండా రెండింటినీ నిలిపి పరిశీలించడం ఆ పండితుల పద్ధతి. పామ్‌టాప్ నిర్మాతలు యంత్రానికి నేర్పిన నియమం కూడా అదే కదా! ఆ బంగళా ఉన్న చోటనే నేడు బ్రౌన్ పేర గ్రంథాలయం నెలకొని ఉంది. ఆనాడు ప్రతులు రాయించి ఉండకపోతే తెలుగు సాహిత్యంలో ఎంతో భాగం చెదల పాలై ఉండేది.

ఆంగ్లంలో అరచేతికీ, తాటిచెట్టుకూ ఒకటే పేరు. తాళపత్రమైనా, పామ్‌టాప్ అయినా, సెల్‌ఫోను అయినా రాతకు తాత్కాలికమైన ఆశ్రయాలు మాత్రమే. వస్తువు శిథిలమవుతుంది, మరొక ప్రతి ఉన్నప్పుడే రాత నిలుస్తుంది. పుస్తకం హస్తభూషణమని పెద్దలన్నారు. నేటి హస్తభూషణం వెల ఎక్కువ, ఆయుష్షు తక్కువ. దానిని ఎంచుకొనేటప్పుడు మెరుపును చూసి మురిసిపోక, ఇది నా పనికి తగినదా, నా భాష దీనికి తెలుసా, నా ఊరి ఎండకు, కరెంటుకు తట్టుకొంటుందా, ఇది పోయిన నాడు నా రాత నాకు మిగులుతుందా అన్న ప్రశ్నలు వేసుకోవాలి. ఈ ప్రశ్నలకు దుకాణదారు కన్న ముందు మనమే సమాధానం చెప్పుకోగలిగితే, ఏ యంత్రమైనా మన చేతిలో పనిముట్టుగా ఉంటుంది. మనం దాని చేతిలో కీలుబొమ్మలం కాము.